రెండుసార్లు పడ్డ చక్కెర

షెట్లాండ్‌లో, యెల్ దీవిలో
గాలి తలుపు తట్టకుండానే లోపలికొచ్చే ఇల్లు.
రాస్మీ పెద్దవాడు, లౌరీ చిన్నవాడు.
ఆరేళ్లుగా వాళ్ల మధ్య పలుకు లేదు, పలక ఉంది.
సుద్దతో రాసుకుంటారు:
పాలు లేవు. పీట్ గడ్డలు తడిశాయి. మంగళవారం పంటి డాక్టరు.
తండ్రి పడవని రాస్మీ అడక్కుండా అమ్మేసిన రోజునుంచీ ఇంతే.
నేను మేడమీద గదిలో ఉండేదాన్ని, ఫెర్రీలో తాళ్లు విసిరే పని నాది.
ఆ మౌనానికి కూడా కలిపే అద్దె కట్టేదాన్ని.

అయినా స్టౌట్ మాత్రం ఇద్దరూ కలిసే కాచేవాళ్లు.
మాడిన బార్లీ వాసన మెట్లెక్కి వచ్చి
నా దుప్పట్లో పడుకునేది.
మూడు వారాలు బకెట్ మూతమీద గాజుగొట్టం
డుబుక్కు, డుబుక్కు,
ఆ ఇంట్లో మాట్లాడే నోరు అదొక్కటే.
అదీ మూగబోయాక,
హైడ్రోమీటరు మూడు రోజులు ఒకే గీతమీద నిలబడ్డాక
పలకమీద రాస్మీ రాశాడు: ఆదివారం సీసాలు.

నలభై సీసాలు, గోధుమరంగువి, కడిగి బోర్లించారు.
లౌరీ నూట పది గ్రాముల చక్కెర తూచి
నీళ్లలో మరిగించి చల్లార్చి
ఖాళీ బకెట్ అడుగున పోసి
కుక్క అరిస్తే బయటికెళ్లాడు.
రాస్మీ వచ్చాడు. అడుగున తడి చూసి
కడిగిన నీళ్లే మిగిలాయనుకున్నాడు.
తనూ తూచాడు నూట పది.
తమ్ముడికి ఏదీ గుర్తుండదని పెద్దవాడి నమ్మకం,
అన్న ఏదీ అడగడని చిన్నవాడి నమ్మకం.

వేశావా?
మూడే అక్షరాలు.
వాటిని ఎవరూ తూచలేదు.

నలుపు గొట్టంలోంచి చప్పుడు లేకుండా దిగింది,
గాలి కలవకుండా, సీసా అడుగు తాకుతూ.
ఒకడు నింపాడు, ఒకడు మూత బిగించాడు.
వేళ్లకి వేళ్లు తగలకుండా సీసా చేతులు మారింది
కౌంటరు మీద చిల్లరలాగ.
తర్వాత మెట్లకింద అరలో, బాయిలర్ పక్కన
వెచ్చగా, చీకట్లో
అడుగున మిగిలిన ఈస్టుకి ఇంకో విందు.

తొమ్మిదో రాత్రి
మొదటి చప్పుడు సముద్రమనుకున్నాను.
రెండోదానికి లేచి కూర్చున్నాను.
నాలుగోదానికి కిందికి పరుగెత్తాను.
నేలంతా గోధుమరంగు నురగ, అందులో మెరుస్తూ గాజుముక్కలు,
గడపకి ఈవల లౌరీ, ఉన్ని లోపలిబట్టల్లో, వట్టి కాళ్లతో.
"కదలకు," అన్నాడు రాస్మీ.
"చెప్పుల్లేవు నీకు."

ఆ గొంతు అంత సన్నగా ఉంటుందని నాకు తెలీదు.

"చక్కెర నేను వేశా."
"నేనూ వేశా."
అంతే. తప్పెవరిదని వెతికే తీరిక లేదు,
అరలో ఇంకా ముప్ఫైనాలుగు ఉన్నాయి, ఊపిరి బిగబట్టి.

లౌరీ వెల్డింగ్ మాస్కు తగిలించుకున్నాడు.
రాస్మీ తడి తువ్వాలు చుట్టి ఒక్కో సీసా అందించాడు, పసిబిడ్డని ఇచ్చినట్టు.
మూత కొంచెం లేపితే
స్స్‌స్...
నురగ ఎగదన్ని, మెడదాకా వచ్చి, ఆలోచించి, దిగేది.
మళ్లీ కొత్త మూత పెట్టి నేను నొక్కాను.
ఇరవై తొమ్మిదికి మూతలైపోయాయి.
ఐదు మిగిలాయి. తాగక తప్పలేదు.

తెల్లవారుజాము నాలుగింటికి, టీ కప్పుల్లో
ముప్పావు నురగ, పావు స్టౌట్.
మాడిన రొట్టె అంచు, చల్లారిన కాఫీ,
నాలుక కరిచే బుడగలు.
"లెమనేడ్ కాచాం మనం," అన్నాడు రాస్మీ.
లౌరీ నవ్వలేదు. కప్పులోకి చూస్తూ అడిగాడు:
"పడవ ఎంతకిచ్చావ్?"
రాస్మీ అంకె చెప్పాడు.
సరిగ్గా అప్పుడే నేను ఇంకో మూత లేపాను,
నాకు వినబడింది గ్యాసు ఒక్కటే.

తెల్లారి పనికెళ్తూ పలక చూశాను.
పాలు లేవు, అని ఒక దస్తూరీ.
కింద ఇంకొకటి:
మూతలు కూడా.